పచ్చిక విషమునకు శిలీంధ్రముతో అడ్డుకట్ట

మేతలో విషమనగానే మన పల్లెలలోని పెద్దలకు నాము జ్ఞాపకమునకు వచ్చును. జొన్న కోసిన చేలలో దుబ్బుల నుండి లేచిన లేత పిలకలను, వానలు లేక గిడసబారిన లేత పైరును మేసిన పశువు ఊపిరాడక, నోట నురుగు గ్రక్కి కొద్దిసేపటిలోనే కూలిపోవును. ఆ విషము మొక్కలోనే పుట్టునది. పైరు ముదిరిన కొలది తగ్గునది. పూతకు రాని జొన్నచేలలోనికి పశువులను తోలరాదని మన రైతులకు ఎవరును క్రొత్తగా నేర్పనక్కరలేదు.

ఇచట మేము వివరింపబోవు విషము ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. అది లేతగడ్డిలో ఉండదు. గడ్డి వెన్ను వేసి పండి, ఎండుటకు సిద్ధమైనపుడు పుట్టును. గడ్డి ఎండినను పోదు, కోసి మోపులు కట్టి వామి వేసినను పోదు. అన్నిటికంటె విచిత్రమేమనగా అది గడ్డికి సహజమైన విషమే కాదు. ఒక గడ్డి, ఒక పురుగు, ఒక బాక్టీరియా, ఈ మూడును కలిసిన చోట మాత్రమే అది పుట్టుచున్నది. ఆస్ట్రేలియా ఖండపు దక్షిణ, పశ్చిమ రాష్ట్రములలో ఈ విషము వలన వేలకొలది గొర్రెలు మరణించినవి. దానిని అణచుటకై అచటివారు ఈ ముగ్గురి నడుమకు నాల్గవ జీవినొకదానిని ప్రవేశపెట్టిరి. అది ఒక శిలీంధ్రము, అనగా వాడుక మాటలో బూజు.

ఈ వ్యాధి మన బీళ్లలోనిది కాదు. అయినను 2019 సంవత్సరపు పశుగణన ప్రకారము దేశములో గొర్రెల సంఖ్యలో మొదటి స్థానము తెలంగాణదియు, రెండవ స్థానము ఆంధ్రప్రదేశ్‌దియు. మొదటిదానిలో సుమారు 190 లక్షలు, రెండవదానిలో సుమారు 176 లక్షలు గొర్రెలు కలవు. ఇన్ని మందలకు ఆధారము గ్రామపు బీళ్లును, పంటకోసిన చేలును. బీడును కాపాడు బాధ్యత గల పంచాయతీ సభ్యులకు, ఒక బీడు ఎట్లు చెడిపోయినది, దానిని తిరిగి ఎట్లు దారికి తెచ్చిరి అనునది పనికివచ్చు సంగతియేయని మా నమ్మకము.

మంచి మేతయే ముప్పు తెచ్చెను

రైగడ్డి మధ్యధరా సముద్ర ప్రాంతపు గడ్డి. చలికాలపు వానలతో మొలచి, వేసవి వచ్చుసరికి విత్తనము రాల్చి ఎండిపోవును. ఆస్ట్రేలియా దక్షిణ భాగమున వానలు చలికాలముననే కురియును గనుక అది అచటి నేలకు చక్కగా సరిపోయినది. గొర్రెలకు ఇష్టమైన మేత; ఒకసారి చల్లిన చాలు, ఏటేట తానే మొలచును. అచటి రైతులు ఒక ఏడు గోధుమ, మరియొక ఏడు పచ్చిక అను వరుసలో భూమిని వాడుకొనుచు, పచ్చిక ఏట రైగడ్డి మీద గొర్రెలను మేపుకొనిరి. కాలక్రమమున అదే రైగడ్డి గోధుమచేలలో మొండి కలుపుగా మారినది. 1980ల దశకము నుండి కలుపు మందులకు కూడ లొంగకపోసాగినది.

గొర్రెలు కారణము తెలియకుండ పడిపోవుట దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రములోని బ్లాక్ స్ప్రింగ్స్ వద్ద 1956లో మొదట గుర్తింపబడినది. పశ్చిమ ఆస్ట్రేలియాలో నోవాంజెరప్ ప్రాంతమున 1968లో కనిపించినది. అటుపిమ్మట గోధుమ పండు మండలములోని విశాల భాగమునకు వ్యాపించినది. ఎండుగడ్డి మోపులు, నూర్పిడి యంత్రములు, విత్తనములలో కలిసిన గడ్డిగింజలు దానిని ఊరూర మోసికొనిపోయినవి.

ఈ రోగములో రైతును మోసగించు లక్షణమొకటి కలదు. మంద నెమ్మదిగా మేయునంతసేపు దానియందు ఏ లోపమును కానరాదు. కుక్క మొరిగినను, కాపరి తరిమినను, ఎండలో దూరము నడిపించినను గొర్రెలు ఒక్కొక్కటే వెనుకబడి, కాళ్లు ఎత్తియెత్తి వేయుచు తూలి పడును. మెడ వెనుకకు విరిచి, కాళ్లు కొట్టుకొనును. కొంతసేపు కదలింపక వదలిన కొన్ని లేచి, ఏమియు జరుగనట్లు మరల మేయును. బాగైనదని రైతు అనుకొనును. మరల తరిమిన మరల పడును, ఈసారి లేవకపోవచ్చును. చూడి గొర్రెలు ఈచుకపోవుటయు కలదు. ఆవులు, గుఱ్ఱములు కూడ ఈ రోగమునకు లోబడును.

పురుగు, బాక్టీరియా, బుడిపె

ఇది ఎట్లు జరుగుచున్నదో తెలిసికొనుటకు చాలకాలము పట్టినది. రైగడ్డిలో ఒక నులిపురుగు కలదు. శాస్త్రజ్ఞులు దానిని ఆంగ్వినా ఫ్యునెస్టా అందురు. మన కూరగాయ తోటలలో వేళ్లకు బుడిపెలు కట్టు నులిపురుగు జాతికి ఇది దూరపు చుట్టము. అయితే ఇది వేళ్ల జోలికి పోక వెన్నునే పట్టును. తొలకరి వానకు నేలలోని బుడిపెల నుండి పిల్లపురుగులు వెలువడి, లేత రైగడ్డి మొక్కనెక్కి, ఆకు తొడుగుల నడుమ మొవ్వు దగ్గర చేరి కాలము గడపును. వెన్ను రూపుదాల్చు సమయమున పూవులలో చొచ్చుకొనిపోవును. ఆ పూవులో గింజకు బదులు చిన్న బుడిపె ఏర్పడును. పురుగులు అందులోనే పెరిగి పెద్దవై, గ్రుడ్లు పెట్టి, తరువాతి తరపు పిల్లపురుగులను వందలకొలది విడిచిపోవును. గడ్డి ఎండినపుడు పిల్లపురుగులు కూడ ఎండినట్లు పడియుండును. సంవత్సరముల తరబడి అట్లుండి, తడి తగిలిన మేలుకొనగలవు.

ఇంతవరకు విషము లేదు. పురుగు గింజను పాడుచేయునే గాని గొర్రెను చంపదు. గొర్రెను చంపునది రాథయిబాక్టర్ టాక్సికస్ అను బాక్టీరియా. (గడ్డి వెన్నులపై పసుపుపచ్చని బంక కారుటను గురించి పందొమ్మిదవ శతాబ్దాంతమున పరిశోధించిన రాథై అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుని పేరే ఈ జాతికి పెట్టబడినది.) ఈ బాక్టీరియాకు తనంతట తాను మొవ్వులోనికి పోవు నేర్పు లేదు. నేలలో పిల్లపురుగు చర్మమునకు అంటుకొని, దాని మీద ఎక్కి ప్రయాణించును. పురుగు ఏ పూవులో దూరునో అందులోనే దిగి, కొన్ని బుడిపెలలో పురుగులను మించి పెరిగి, బుడిపె నంతటిని పసుపుపచ్చని ముద్దగా మార్చివేయును. మోసుకొని వచ్చిన పురుగు అచటనే చచ్చును. రోగము ముదిరిన చోట వెన్నుల నుండి పసుపు బంక కారుచు కంటికి కనిపించును గాని, అనేక చోట్ల ఏమియు కనిపింపదు. గింజలను అద్దముపై పోసి అడుగున దీపముంచి చూచినపుడు మంచి గింజలలో వెలుగు కనబడును. బాక్టీరియా బుడిపెలు మాత్రము వెలుతురు చొరని పసుపు ముద్దలుగా తేలిపోవును.

గడ్డి పండు సమయమున ఆ ముద్దలో తయారగు విషములకు కోరినిటాక్సినులని పేరు. ఇవి 1971లో జపానులో కనుగొన్న ట్యూనికామైసిన్ అను పదార్థపు కుటుంబమునకు చెందినవని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1982లో నిర్ధారించిరి. శరీరపు కణములు తమ మాంసకృత్తులకు చక్కెర గొలుసులను తగిలించుకొను పనిని ఇవి ఆపివేయును. దానివలన సన్నని రక్తనాళములు చెడి, మెదడునకు రక్తము సరిగా అందదు. గొర్రె మేత ద్వారా తిన్నపుడు దాని బరువులో కిలోకు 3 మొదలు 5 మిల్లీగ్రాముల విషము ప్రాణాంతకము. అనగా 40 కిలోల గొర్రెను చంపుటకు 120 మొదలు 200 మిల్లీగ్రాములు చాలును. అదియు ఒక్కపూటలో తినవలసిన పని లేదు. ఈ రోజు కొంత, రేపు కొంత తిన్నను లెక్క కూడుచునే యుండును. మేత మార్చిన తరువాత కూడ కొన్నిరోజుల వరకు చావులు ఆగకపోవుటకు కారణమిదియే. రోగలక్షణములు కనబడిన పిమ్మట నమ్మదగిన మందు రైతు చేతికి ఇంతవరకు రాలేదు. మందను తరుమక, మెల్లగా నీడయు నీరును గల మంచి బీటికి మరలించుట ఒక్కటే వారు చేయగలిగినది.

నిప్పు, మందు, వాని పరిమితులు

మొదట అనుసరించిన ఉపాయములన్నియు గడ్డిపైననే గురిపెట్టినవి. వెన్ను వేయక ముందే మందలను దట్టముగా తోలి మేపించుట, వెన్ను పాలుపట్టు సమయమున కలుపు మందు చల్లి గింజ కట్టనీయకుండుట, వేసవి చివర ఎండుగడ్డికి నిప్పు పెట్టి బుడిపెలను కాల్చుట మొదలగునవి. ఇవి ఈనాటికిని మానరాని పనులే. అయితే తేలిక ఇసుకనేలలలో గడ్డి కాల్చిన పిమ్మట గాలికి పైమట్టి యంతయు ఎగిరిపోవును. మందులకు రైగడ్డి లొంగుట మానినది. నులిపురుగు సోకని రైగడ్డి రకములను తయారుచేసి విత్తించుటయు జరిగినది గాని, ఉన్న గడ్డి నంతటిని మార్చుట ఏండ్ల పని. ఇన్ని ఉపాయములను ఏటేట చేయించుచు రైతు చేతిసొమ్మును కరిగించు శత్రువు ఇది.

ఈ స్థితిలో కొన్ని పొలములలో ఎవరును ప్రత్యేకముగా ఏమియు చేయకుండగనే రోగము తగ్గుముఖము పట్టుట గమనింపబడినది. ఆ పొలములలోని రైగడ్డి ఆకులు మెలిదిరిగి, వానిపై పాలిపోయిన మచ్చలు, మచ్చల నడుమ నల్లని చుక్కలు కనిపించినవి. కొన్ని మొక్కలలో వెన్ను పొట్టలోనే చిక్కుకొని నల్లబడిపోయినది. దీనికి కారణము డిలోఫోస్పోరా అలోపెక్యూరి అను శిలీంధ్రము. ఆకులను మెలిత్రిప్పునది గనుక అచటి రైతులు దానిని మెలిబూజు అను అర్థము వచ్చు పేరుతో పిలుతురు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈ శిలీంధ్రమునకును రోగము తగ్గుటకును గల సంబంధమును గురించి ఇయాన్ రైలీ అను శాస్త్రజ్ఞుడు 1994లో ప్రచురించెను.

ఒకే వాహనము మీద ఇద్దరు

ఈ శిలీంధ్రము పనిచేయు తీరు మమ్ములను మిక్కిలి ఆకర్షించినది. దాని విత్తులు సూక్ష్మదర్శిని క్రింద చిన్న కడ్డీలవలె ఉండును. ప్రతి కడ్డీ రెండు కొనలయందును కొమ్మలు తీరిన కుచ్చు ఉండును. డిలోఫోస్పోరా అను పేరునకు అర్థము కూడ రెండు తురాయిల విత్తు అనియే. ఆ కుచ్చులతో అది పిల్లపురుగు చర్మమును పట్టుకొనును. బాక్టీరియా ఎక్కు వాహనమునే ఇదియు ఎక్కుచున్నదన్నమాట. పురుగు లేనిచో మొవ్వును చేరుట దీనికిని కష్టమే.

మొవ్వును చేరిన పిమ్మట శిలీంధ్రము వేగముగా పెరిగి లేత ఆకులను, లోపలి వెన్నును పట్టి చెడగొట్టును. వెన్ను సరిగా రానిదే పూవులు లేవు. పూవులు లేనిదే పురుగునకు బుడిపె కట్టు తావు లేదు. బుడిపె లేనిదే బాక్టీరియాకు నిలువ నీడ లేదు. ఆ ఏడు విషము తగ్గుటయే గాక, మరుసటి ఏటికి నేలలో దాగవలసిన పురుగుల సంఖ్య కూడ పడిపోవును. పురుగు తగ్గిన కొలది బాక్టీరియాకు వాహనము కరవగును. శత్రువును నేరుగా ఢీకొనక, వాని బండిని ఆక్రమించుకొను ఈ ఉపాయమును ప్రకృతియే చూపినది. మనుష్యులు దానిని లేనిచోటికి తీసికొనిపోయిరి.

అట్లు తీసికొనిపోవు పద్ధతి సులభమైనదే. శిలీంధ్రమును పెంచి సిద్ధపరచిన పదార్థమును తొలకరికి ముందు గాని, తొలకరితో గాని, రోగమున్న పొలములలో అక్కడక్కడ చల్లుదురు. నేల తడిసి పిల్లపురుగులు వెలువడు సమయమునకు శిలీంధ్రపు విత్తులు సిద్ధముగ ఉండవలయును. కాలము తప్పి చల్లినచో పురుగులు ముందే మొక్కనెక్కి పోవును, చల్లినది వ్యర్థమగును. పొలమంతటను దట్టముగా చల్లనక్కరలేదు. నాటుకొన్న చోటినుండి గడ్డిచెత్తతోను, వాననీటితోను తానే ప్రాకును.

అయితే ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. శిలీంధ్రము చల్లిన ఏడే గొర్రెలు సురక్షితమని ఎవరైన అన్నచో నమ్మరాదు. అది పొలమంతట నిలద్రొక్కుకొనుటకు కొన్ని సంవత్సరములు పట్టును. ఈలోగా మందను ప్రతిదినము కదలించి చూచుట, అనుమానము గల బీటిని పండువేళకు ముందే విడిచిపెట్టుట మానరాదు. పడిపోయిన గొర్రెను శిలీంధ్రము లేపదు. రైగడ్డిని కూడ అది నిర్మూలింపదు. గోధుమచేలో కలుపు కలుపుగానే యుండును. మరియొక చిక్కు కూడ కలదు. శిలీంధ్రము వేసవిలో నిలిచియుండునది పాత గడ్డిచెత్తలోనే. ఆ చెత్తకు నిప్పుపెట్టినచో బుడిపెలతోపాటు శిలీంధ్రమును కాలిపోవును. నిప్పును నమ్ముకొనువారు ఒక విధముగను, శిలీంధ్రమును నమ్ముకొనువారు మరియొక విధముగను తమ బీళ్లను నడుపుకొనవలసియుండును. రెండింటిని ఒకే బీటిలో ఒకేయేడు చేయబూనుట, ఒక చేత నాటి మరియొక చేత పెరికినట్లగును.

శిలీంధ్రమును వదలిన అది పైరులకు ఎగబ్రాకదా అను ప్రశ్న ఎవరికైనను తోచును. ఈ ప్రశ్న అడుగుట మంచిదే. వాస్తవమునకు ఇదే శిలీంధ్రము గోధుమలో కూడ మెలితెగులు తెచ్చునని ఐరోపావారు ఎన్నడో ఎరుగుదురు. కాని అచటకూడ దానిని మొవ్వులోనికి మోయునది గోధుమ నులిపురుగే. రైగడ్డి నులిపురుగు గోధుమలో పెరుగునది కాదు. వాహనము లేని చోట ప్రయాణికుడు కదలలేడు గనుకనే ఈ శిలీంధ్రమును గోధుమ మండలములో వాడుటకు సాహసించిరి. ఒక జీవిపై మరియొక జీవిని ప్రయోగించునపుడు అది దేనిని ఆశ్రయించి బ్రతుకును, ఎచట ఆగును అను రెండు విషయములు ముందుగ తేలవలెను. అవి తేలక తెచ్చిన జీవులు తరువాత తామే బెడదలైన ఉదాహరణములు అదే ఆస్ట్రేలియాలో లేకపోలేదు. చెరకుతోటలలో పురుగులను తినునని 1935లో తెచ్చి వదలిన పెద్దకప్ప ఈనాటికిని వారిని వేధించుచునే యున్నది.

ఎండుగడ్డి ఊరు దాటినపుడు

ఒకరి బీటిలోని రోగము ఇరుగుపొరుగు బీళ్లకు మెల్లగా ప్రాకును గాని, లారీలోనెక్కిన ఎండుగడ్డి ఒక్కదినములో వందల మైళ్లు పోవును. 1990ల చివర జపానులో ఆస్ట్రేలియా నుండి దిగుమతియైన ఓట్స్ ఎండుగడ్డిని తిని పశువులు మరణించినవి. గడ్డిలో రైగడ్డి వెన్నులు కలిసియుండుటయే కారణము. ఇప్పుడు అచటి నుండి ఎగుమతి చేయు గడ్డిని నమూనాలు తీసి బాక్టీరియాకై పరీక్షించిన పిమ్మటనే ఓడలకెక్కించుచున్నారు. ఆ పరీక్ష ఖర్చును భరించుటకు మొదట వెనుకాడిన రైతులకు కూడ, పరీక్ష పత్రము లేని గడ్డిని కొనువారుండరని తెలిసిన పిమ్మట మారుమాట లేకపోయెను.

కరవు ఏటలలో మన జిల్లాలకు బయటి నుండి మేత లారీలలో వచ్చుట పంచాయతీ సభ్యులెల్లరు ఎరిగినదే. అట్టి మేత దిగినపుడు రెండు మూడు మోపులు విప్పించి, బూజుపట్టినదేమో, కంకులు కలిసియున్న వానిలో గింజకు బదులు నల్లని కొమ్ములుగాని బంకముద్దలుగాని యున్నవేమో చూడవలెను. మన సజ్జపైరుకు వచ్చు తేనెబంక తెగులు ఇందుకు దగ్గరి ఉదాహరణము. ఆ తెగులు సోకిన కంకులలో గింజల తావున ఏర్పడు నల్లని గడ్డలు మనుష్యులకును పశువులకును విషమే. విత్తనమును ఉప్పునీటిలో పోసినపుడు ఆ గడ్డలు పైకి తేలును. వానిని తీసివేసి, గింజలను మంచినీట కడిగి ఆరబెట్టి విత్తుదురు. ఉత్తర భారతములో గోధుమకు వచ్చు తుండు రోగము రైగడ్డి రోగమునకు సొంత చుట్టము. ఒక నులిపురుగు, దానిపై నెక్కు రాథయిబాక్టర్ జాతి బాక్టీరియా, కంకిపై పసుపు బంక, అన్నియు ఆ పోలికలే. దానిని పంజాబులో 1917లోనే శాస్త్రజ్ఞులు వర్ణించిరి. అచటకూడ నులిబుడిపెలను విత్తనము నుండి ఉప్పునీటితో వేరుచేసిన మాత్రముననే రోగము చాలవరకు అణగును. పురుగు లేనిచో బాక్టీరియా పొలములో దిక్కుమాలినదగును.

శిలీంధ్రముతో తెగులును అణచుట మన రైతులకు కూడ అపరిచితము కాదు. వేరుశనగలో మొదలుకుళ్లు, కందిలో ఎండుతెగులు వంటివానికి ట్రైకోడెర్మా విరిడి అను పచ్చని శిలీంధ్రమును వ్యవసాయశాఖవారు సిఫారసు చేయుచున్నారు. చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు కలిపి, అందులో 2 కిలోల ట్రైకోడెర్మా పొడిని కలియబెట్టి, తడి ఆరకుండ నీరు చిలుకరించుచు చెట్టునీడన గోనెపట్టాలు కప్పి వారము పది దినములుంచినచో శిలీంధ్రము ఎరువంతట అల్లుకొనును. దానిని ఆఖరు దుక్కిలో ఎకరము నేలకు, తేమ యున్నపుడు, సాయంకాలము చల్లుట మంచిది. ఎండలో ఆరబెట్టిన పొడియు, గడువు దాటిన పొట్లములును పనిచేయవు. గ్రామములో కొనుగోలు చేయించు సభ్యులు పొట్లము మీది తయారీ తేదీని, గడువు తేదీని చూచి మరియే సొమ్ము చెల్లింపవలెను. మందు పొట్లములతో పాటు ఎండతగులు అటకపై పెట్టక, చల్లని చోట వేరుగా నుంచవలెను. శిలీంధ్రనాశక మందును విత్తనమునకు పట్టించినవారు అదే దినమున ట్రైకోడెర్మాను కలుపరాదు.